రేపు రమ్మంటే వచ్చే మనిషి

పుంగనూరులో లాల్ బీలు చాలామందే ఉన్నారు గానీ గాజుల లాల్ బీ ఒక్కతే. తెల్లారితే భుజాన గాజుల మలారం వేసుకుని చౌడేపల్లె వైపో, నిమ్మనపల్లె వైపో బస్సెక్కేది. మలారం అంటే మరేం కాదు, సైజుల వారీగా గాజులు గుచ్చి కట్టిన తాళ్ళ మోపు. వీధి మలుపులో ముందు గాజుల చప్పుడు వినిపించేది, దాని వెనక ఆమె నోరు, ఆ రెండింటి వెనక ఆమె. మనిషి పొట్టి. నోరు మాత్రం బారెడు.

గాజులు అమ్మడం ఎవరైనా చేస్తారు. తొడగడమే విద్య. గాజు బొటనవేలి ఎముక దాటే దగ్గర పిల్ల భయపడి చెయ్యి బిగించిందా, గాజు చిట్లుతుంది, చెయ్యి గీరుకుపోతుంది. దానికి లాల్ బీ ఒక ఉపాయం కనిపెట్టింది. గాజు ఎముక దగ్గరికి వచ్చే వేళకి ఆ పిల్ల నవ్వాలి. నవ్వే మనిషి చెయ్యి బిగించుకోలేదు. నవ్వించడానికి ఆమె దగ్గర ఒక కథ ఉండేది. అది ఆమె పెళ్ళి కథ.

"మా ఆయన మొయినుద్దీన్ వాళ్ళది తాతల నాటి నుంచీ గాజుల యాపారమమ్మా. అయినా నిఖా నాడు నాకని తెచ్చిన గాజులు నాకే పట్టలా. 'యాల పట్టవు, సూడండి' అని కోపమొచ్చి తన చేతికే తొడుక్కున్నాడు. పట్టినాయి. మళ్ళీ రావే! సబ్బు పూసిరి, నూనె పూసిరి, ఊహూ. ఆడ ఖాజీ సాబు కేకలేస్తా ఉండాడు. ఇంకేం జేస్తారు? పెండ్లికొడుకు ఆకుపచ్చ గాజులేసుకుని నిఖాకు కూర్చునె!"

'కూర్చునె' అనే మాట దగ్గర పిల్ల పకాల్న నవ్వేది, గాజు జారి మణికట్టు మీద పడేది. బజారు వీధిలోని చిన్న కొట్లో ఆ కథ వింటూ గాజులు సర్దుకునే మొయినుద్దీన్ మాత్రం తల ఎత్తేవాడు కాదు. ఆయన తక్కువ మాటల మనిషి. మొదట్లో ఆ కథలో ఆయన చేతికి రెండే గాజులుండేవి. ఏళ్ళు గడిచేకొద్దీ డజనయ్యాయి. అప్పుడు కూడా ఆయన ఏమీ అనలేదు.

తొంభై ఆరులో, చౌడేపల్లె దగ్గరి పల్లెలో గంగప్ప పెద్దకూతురి పెళ్ళి వచ్చింది. గంగప్పకి నాలుగెకరాల మెట్ట, టమాటా తోట, రెండు పొట్టి పుంగనూరు ఆవులు, వాటి కొమ్ములకంటే వాడి కోపం ఉండేవి. ఆయన భార్య బయ్యమ్మ లాల్ బీకి పాత బేరం. పెళ్ళికి ముందు ఇంట్లో ఆడవాళ్ళందరికీ, ఇరుగు పొరుగు వాళ్ళకీ పెళ్ళివారే గాజులు తొడిగించడం అక్కడి ఆచారం. ఆ రోజు లాల్ బీ రాణి. చాప మధ్యలో కూర్చుని, చుట్టూ ముప్ఫైమంది ఆడవాళ్ళని పెట్టుకుని, పొద్దుగూకేదాకా తొడిగేది. ఒక్క చెయ్యి బోసిగా మిగిలినా చాప మీది నుంచి లేవకూడదని ఆమె నియమం.

అందరివీ అయ్యాయి. పెళ్ళికూతురి చెల్లెలు రూప మిగిలింది. పదిహేనేళ్ళ పిల్ల, బడి తెరిస్తే పదో తరగతి. మే నెల ఎండలో మణికట్లు దాటిన పొడుగు చేతుల జాకెట్టు వేసుకుని వాకిలి మూల నిలబడింది. లాల్ బీ పిలిచింది. వద్దంది. వాళ్ళవ్వ ఆదెమ్మ కసిరితే వచ్చి కూర్చుంది గానీ చెయ్యి మాత్రం ఒళ్ళోంచి తియ్యలేదు. లాల్ బీ నిఖా కథ ఎత్తుకుంది. 'కూర్చునె' దాకా వచ్చింది. ముప్ఫైమందీ నవ్వారు. రూప నవ్వలేదు.

ఇరవయ్యేళ్ళ సర్వీసులో ఆ కథకి నవ్వని పిల్ల లాల్ బీకి తగల్లేదు. పౌరుషం వచ్చింది. మారాం చేసే పిల్లల చెయ్యి లాక్కోవడం గాజులవాళ్ళకి అలవాటే, అదొక సరసం. "ఓహో, సిగ్గా మా పాపకి!" అని చేయి పట్టి లాగి, జాకెట్టు చెయ్యి పైకి తోసింది. ముంజేతి మీద గీతలు కనిపించాయి. కొన్ని మానినవి, కొన్ని కొత్తవి.

అప్పుడైనా లాల్ బీ ఊరుకుని ఉంటే సరిపోయేది. ఊరుకునే నోరా అది! "అయ్యయ్యో! ఏంది తల్లీ ఇది! నీ చేతులు నువ్వే కోసుకుంటివా?" అని ఇల్లు ఎగిరిపోయేలా అరిచింది. నవ్వులు ఆగిపోయాయి. ముప్ఫైమంది ఆడవాళ్ళు ముప్ఫై గాజుల చేతులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. రూప చెయ్యి విడిపించుకుని లోపలికి పరుగెత్తింది. లాల్ బీ ఆ పూట మొదటిసారి ఒక చెయ్యి బోసిగా మిగిల్చి చాప మీది నుంచి లేచింది.

ఆ తర్వాత ఏమైందో చెప్పాలా? గాలి సోకిందన్నారు కొందరు. ప్రేమ యవ్వారమన్నారు ఇంకొందరు. పిచ్చి అని తేల్చేశారు మిగిలినవాళ్ళు. పిడుగుకీ బియ్యానికీ ఒకే మంత్రమన్నట్టు ఎవరో తెచ్చి మెడలో తాయెత్తు కట్టారు. అక్క పెళ్ళి జరిగింది గానీ రూప పందిట్లోకి రాలేదు. బడి తెరిచాక బడికీ పంపలేదు. "నలుగురూ నవ్వుతారు" అని బయ్యమ్మ పిల్లని ఇంట్లోనే పెట్టింది.

ఈ కబుర్లన్నీ గాజుల బేరంలోనే లాల్ బీ చెవిన పడ్డాయి. తాను అరిచిన అరుపే ఇంటింటా తిరిగి, తోకా కొమ్ములూ తొడుక్కుని మళ్ళీ తన దగ్గరికే వస్తోంది. ఆమెకి అన్నం సయించలేదు. ఆ బిడ్డ చెయ్యి పట్టుకుని ఊరికి చూపించింది తానే కదా అని ఏడ్చింది. మొయినుద్దీన్ రెండు రోజులు చూసి, మూడో రోజు తన ఏడాది కోటా మాటలన్నీ ఒకేసారి ఖర్చు పెట్టాడు. "నోటితో చెడగొట్టినావు. ఏడిస్తే బాగవుతాదా? నోటితోనే బాగు చెయ్యి, పో."

లాల్ బీ మలారం ఎత్తుకుని గంగప్ప ఇంటికి పోయింది. బయ్యమ్మ వాకిట్లోనే నిలేసింది. కోపంతో ముఖం కందగడ్డ అయింది గానీ ఆమెకొక చిక్కు వచ్చింది. గడపలోకి వచ్చిన గాజులమ్మిని ముత్తైదువ 'వద్దు, పో' అనకూడదు. అంటే ఐదోతనానికి చేటని ఆ పక్క నమ్మకం. ఎంత ఇష్టం లేకపోయినా 'రేపు రా' అనే అనాలి. మర్యాద తెలిసిన గాజులమ్మి ఆ మాటకి అర్థం తెలుసుకుని నెల దాకా ఆ గడప తొక్కదు.

"రేపు రా," అంది బయ్యమ్మ పళ్ళు నూరుతూ.

"అట్నేమ్మా," అంది లాల్ బీ. మర్నాడు పొద్దున్నే వచ్చి అరుగు మీద కూర్చుంది.

"ఏం మే, మళ్ళా వచ్చినావు?"

"నువ్వే గదమ్మా రేపు రమ్మంటివి."

బయ్యమ్మ మళ్ళీ రేపు రమ్మంది. లాల్ బీ మళ్ళీ వచ్చింది. వాన పడుతుంటే మలారం మీద గోనెపట్టా కప్పుకుని వచ్చింది. ఆదివారం కూడా వచ్చింది. చివరికి లోపల మంచం మీది నుంచి ముసలామె ఆదెమ్మ నవ్వాపుకోలేక, "ఓ బయ్యమ్మా, ఆ యమ్మిని లోపలికి రానీ మే! లేకుంటే నువ్వు రేపు రమ్మనేది, ఆయమ్మ వచ్చేది, నా కర్మాంతరాలకి గూడా ఈ అరుగు మీదనే కూర్చోనుంటాది!" అంది. లోపల్నుంచి ఇంకెవరో కిసుక్కుమన్న చప్పుడైంది. అది రూప. బయ్యమ్మ ఆ చప్పుడు విని ఎన్నాళ్ళయిందో! ఆమె కళ్ళు చెమర్చాయి. గడప వదిలి పక్కకి జరిగింది.

లాల్ బీ పోయి రూప ఎదురుగా నేల మీద కూర్చుంది. మలారం విప్పలేదు. "తప్పు జేసినానమ్మా. నీ చెయ్యి నీదే. అడగకుండా లాగినాను. అంతమందిలో అరిసినాను. మన్నించు తల్లీ," అంది.

రూప జాకెట్టు చెయ్యి కిందికి లాక్కుంది. తర్వాత అంది, "సూసినందుకు గాదు బీబమ్మా. దొంగను పట్టుకున్నట్టు అరిసినారు. నేనేం దొంగతనం జేసినాను?"

"నువ్వేం జేయలేదు. నీకు దెబ్బ తగిలింది. యాడ తగిలిందో నాకు దెలీదు, చెప్పమని అడిగేదానికీ రాలేదు. దెబ్బ తగిలితే డాక్టరు దగ్గరికి పోతారు గదా? మదనపల్లెలో ఒక డాక్టరమ్మ ఉండాదంట. మనసు బాగలేనోళ్ళను సూస్తాదంట. నువ్వు సరే అంటేనే పోదాం."

రూప తలూపింది. బయ్యమ్మ కూడా ఊపింది. చిక్కంతా పశువుల కొట్టం దగ్గర నిలబడి ఉంది. "మదనపల్లె పిచ్చి డాక్టరు దగ్గరికా? ఊరంతా నవ్వుతాది!" అన్నాడు గంగప్ప.

లాల్ బీ మలారం దింపి నడుం మీద చెయ్యి పెట్టుకుంది. "గంగప్పా, పోయిన నెల నీ కర్రావు మేత ముట్టకుంటే ఏం జేసినావు?"

"పశువుల డాక్టరును పిలిపిచ్చినాను."

"ఊరు నవ్విందా?"

"యాల నవ్వుతాది? ఆవుకు బాగలేదు గదా!"

"ఆవుకొక న్యాయం, కూతురికొక న్యాయమా నాయినా?" అంది లాల్ బీ. గంగప్ప ఆవు వైపు చూశాడు. ఆవు మేత నములుతూ ఆయన వైపు చూసింది. ఆయన తువ్వాలు దులిపి భుజాన వేసుకుని, "ఏ బస్సుకు పోతాం?" అన్నాడు.

మదనపల్లెలో డాక్టరమ్మ ముందు రూపతో ఒంటరిగా మాట్లాడింది. తర్వాత పెద్దవాళ్ళని పిలిచింది. "ఇది పిచ్చి కాదు, గాలీ కాదు. లోపలి బాధ ఎవరితో చెప్పుకోవాలో తెలియని పిల్లలు ఒక్కోసారి ఇలా తమని తాము గాయపరచుకుంటారు. మీ అమ్మాయి ఒక్కతే కాదు, చాలామంది వస్తారు. సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. అలాగని తేలిగ్గా తీసుకోకూడదు కూడా. తిట్టకండి, ఒట్లు వేయించుకోకండి. అడగండి. చెబితే వినండి. మళ్ళీ తీసుకురండి," అంది. రూప ఒప్పుకున్నాక ఇంకొక్క మాట కూడా చెప్పింది. 'నువ్వు దేనికీ పనికిరావు' అని లెక్కల మార్కులు చూసినప్పుడల్లా ఇంట్లో వినిపించే మాట ఆ పిల్ల గుండెల్లో దిగబడిపోయింది. ఆ మాట ఎవరిదో బయ్యమ్మ అడగలేదు. గంగప్ప తల దించుకుని తన చెప్పుల వైపు చూస్తూ కూర్చున్నాడు.

ఆయనకి కూతురితో ఎలా మాట్లాడాలో తెలియదు. తెలిసిందల్లా ఆవుల సంగతులే. అందుకని సాయంత్రం పాలు పితికేటప్పుడు రూపని పక్కన పీట మీద కూర్చోబెట్టుకుని కర్రావు చేసే దొంగపనులన్నీ చెప్పడం మొదలుపెట్టాడు. పొరుగు తోటలో దూరి టమాటాలు తిని, మూతి ఎర్రగా చేసుకుని ఇంటికొచ్చి ఏమీ ఎరగనట్టు నిలబడిన సంగతి చెప్పిన రోజు రూప పొట్ట పట్టుకుని నవ్వింది. కొన్నాళ్ళకి ఆ పిల్లే తన సంగతులు చెప్పసాగింది. గంగప్ప పాలు పితుకుతూ వినేవాడు. ఒకోసారి పాలు అయిపోయినా లేచేవాడు కాదు.

ఇల్లు అలకగానే పండగ కాదు. మధ్యలో ఒకసారి మళ్ళీ చేతి మీద గీత పడింది. ఈసారి రూపే వచ్చి అమ్మకి చెప్పింది. బయ్యమ్మ అరవలేదు. చెయ్యి కడిగి మందు రాసి, "రేపు మదనపల్లెకు పోదాం పా" అంది. పోయారు. ఆ మరుసటి ఏడాది రూప మళ్ళీ బళ్ళో కూర్చుంది.

ఇక లాల్ బీ సంగతి. మొగుడు చెప్పినట్టే ఆమె నోటిని పనిలో పెట్టింది. ఏ ఇంట్లోనైనా గాజులు తొడుగుతుండగా "గంగప్ప కూతురు పిచ్చిదంట గదా" అని ఎవరైనా ఎత్తుకుంటే గాజు సగంలోనే ఆపేసేది. సగం ఎక్కిన గాజుతో మనిషి ఎక్కడికి పోతుంది? "నీ కొడుక్కి మొన్న కామెర్లొచ్చినాయే, పిచ్చోడని అన్నామా? ఆ పాపకూ బాగలేకపోయింది. డాక్టరు దగ్గరికి పోతాండాది. బాగవుతాండాది. ఇంకేమన్నా అడగాల్నా?" అని, ఏమీ లేదు తల్లీ అనిపించుకున్నాకే గాజు కిందికి దింపేది. ఆ దెబ్బకి చౌడేపల్లె చుట్టుపక్కల ఆ మాట అనడానికి ఆడవాళ్ళు జంకేవాళ్ళు. కొందరు జంకి మానేశారు, కొందరు నిజంగానే ఆలోచించి మానేశారు. ఎలా మానేసినా మేలే.

గుంపులో పిల్లల చెయ్యి లాగడం మాత్రం పూర్తిగా వదిలేసింది. కొట్లో ఒక పాత చీర తెరగా కట్టింది. అందరిలో చెయ్యి చాపలేని పిల్లలు తెర వెనక తొడిగించుకోవచ్చు. ఒకరిద్దరు వస్తారనుకుంది. పుంగనూరులో సగంమంది ఆడపిల్లలు వచ్చారు. మొటిమల గోల ఒకరిది, మార్కుల భయం ఒకరిది, మేనబావ ఉత్తరం రాయలేదని ఇంకొకరిది. "తెర ఎనకాల యాపారం జరగడం ల్యా. వట్టి ముచ్చట్లే," అని మొయినుద్దీన్ గొణిగేవాడు. గొణుగుతూనే లోపలికి టీ పంపేవాడు. నిజంగా దెబ్బలున్న చేతులు కూడా అప్పుడప్పుడూ వచ్చేవి. లాల్ బీ అరిచేది కాదు. ఎందుకని నిలదీసేదీ కాదు. "నొప్పిగా ఉండాదా తల్లీ? ఇంట్లో ఎవరితో చెప్తే వింటారు?" అని అడిగేది. అమ్మో, అక్కో, ఒకసారైతే ఒక మేనత్తో, వినే మనిషిని వెతికి పట్టుకుని మదనపల్లె బస్సెక్కించేది. డాక్టరమ్మ ఆ ఊళ్ళ నుంచి ఎవరొచ్చినా ముందు చేతి గాజులు చూసి, "లాల్ బీ పంపిందా?" అనేదట.

రూపకి గాజులు తొడగడం కూడా ఆ తెర వెనకే జరిగేది. ఏడాదికి రెండుసార్లు వచ్చేది. ఇంటరు అయింది, డిగ్రీ అయింది, బి.ఎడ్. అయింది. 'దేనికీ పనికిరాని' పిల్లకి కుప్పం దగ్గర బళ్ళో లెక్కల టీచరు ఉద్యోగం వచ్చింది. అవును, లెక్కలే! గంగప్ప ఊళ్ళో కనిపించిన వాళ్ళందరికీ ఆ సంగతి చెప్పి, అందరికీ చెప్పడం అయిపోయాక ఆవుకి కూడా చెప్పాడు.

రెండువేల ఆరు శ్రావణమాసం. వరలక్ష్మీ వ్రతం ముందు వారం లాల్ బీ ఏటా కుప్పం బజార్లో అంగడి పెడుతుంది. చూపు కొంచెం తగ్గింది, పక్కన కోడలు సల్మా సాయం ఉంది. నోరు మాత్రం తగ్గలేదు. తెర యథాప్రకారం కట్టింది. ఆ సాయంత్రం రూప తన బడి హాస్టలు పిల్లల గుంపుని వెంటేసుకుని వచ్చింది. ఒకటే కిలకిలలు. లాల్ బీ ఆమెని చూడగానే మురిసిపోయి, లోపలికి రమ్మని తెర పక్కకి తీసింది.

"తెర వద్దు బీబమ్మా. ఈడనే," అంది రూప.

అంగడి ముందు, నలుగురూ నడిచే వీధిలో, ముక్కాలి పీట మీద కూర్చుంది. పొట్టి చేతుల జాకెట్టు. రెండు చేతులూ ముందుకు చాపింది. పాతబడి తెల్లబడిన గీతలు సాయంత్రపు ఎండలో కనిపిస్తూనే ఉన్నాయి. పక్కన గాజులు ఏరుతున్న ఒకామె చూసి, "ఏంది టీచరమ్మా ఆ గీతలు?" అంది. పిల్లల కిలకిలలు ఆగాయి. లాల్ బీ చేతిలో గాజు ఆగింది.

"సిన్నప్పుడు మనసు బాగలేక నేనే చేసుకున్న దెబ్బలమ్మా," అంది రూప, అమ్మవారు పోసిన మచ్చల గురించి చెప్పినంత మామూలుగా. "ఎవరికి చెప్పుకోవాల్నో దెలీలా. తర్వాత చెప్పుకున్నాను. డాక్టరు దగ్గరికి పోయినాను. బాగైనాను."

"అట్నా," అంది ఆ మనిషి. చేతిలోని గాజులు కింద పెట్టి, "మా సెల్లెలి కొడుకు గూడా ఎవురితో మాట్లాడడు, ఒకటే దిగులుగా ఉంటాడు. యాడుండేది ఆ డాక్టరు?" అని అడిగింది. రూప చెప్పింది. ఆమె విని, ఎర్ర గాజులు రెండు డజన్లు కట్టించుకుని పోయింది. అంతే జరిగింది. ఆకాశమేమీ విరిగి పడలేదు. పదేళ్ళ క్రితం చాప మీద తాను అరిచిన అరుపు లాల్ బీకి గుర్తొచ్చింది. ఆ సంతోషంలో నిఖా కథ చెప్పడం కూడా మరిచిపోయింది. ఏం ఫరవాలేదు, రూప తనంతట తానే నవ్వుతోంది. గాజులు వాటంతట అవే ఎక్కాయి.

పిల్లలందరికీ తొడగడం అయ్యింది. చివర్న రేఖ అనే పిల్ల మిగిలింది. పద్నాలుగేళ్ళుంటాయి. చుడీదారు చేతులు వేళ్ళ దాకా లాక్కుని దూరంగా నిలబడింది. ఇందాకటి నుంచీ రూప చేతుల వైపే చూస్తోంది. లాల్ బీ పిలవలేదు. తెర వైపు కళ్ళతో చూపించి ఊరుకుంది. రేఖ తెర వైపు చూసింది, టీచరు వైపు చూసింది. వచ్చి తెర బయట, రూప లేచిన పీట మీదే కూర్చుని, చుడీదారు చేయి మెల్లగా పైకి లాక్కుని ముంజేతిని చాపింది.

లాల్ బీ చూసింది. పాత అలవాటు కొద్దీ 'అయ్యయ్యో' గొంతు దాకా వచ్చింది. దాన్ని గుటుక్కున మింగేసి, రెండు పావు సైజు ఆకుపచ్చ గాజు తీసి ఆ చిన్న చేతిని తన చేతిలోకి మెత్తగా తీసుకుంది. "మా ఆయన మొయినుద్దీన్ వాళ్ళది తాతల నాటి నుంచీ గాజుల యాపారమమ్మా..." అని మొదలుపెట్టింది. ఖాజీ సాబు కేకలేశాడు. సబ్బు అయింది, నూనె అయింది. మొయినుద్దీన్ చేతికి ఈసారి రెండు డజన్ల గాజులెక్కాయి. 'కూర్చునె' దగ్గర రేఖ పెదవి వణికి, నవ్వు బయటపడింది. చెయ్యి వదులైంది. గాజు దెబ్బలకి తగలకుండా జారి మణికట్టు మీద నిలబడింది.

రూప వచ్చి రేఖ పక్కన కూర్చుని, భుజం చుట్టూ చెయ్యి వేసింది. రేఖ కళ్ళు తుడుచుకుని అడిగింది, "నేను రేపు గూడా వస్తే మీరు ఉంటారా అవ్వా?"

"రేపు రా," అంది లాల్ బీ. "మీ టీచరమ్మనడుగు. రేపు అంటే నాకు రేపే."